జల్లెడ ఉంగరం

వైకుంఠరావు నలుగురిలో నవ్వులపాలు కావాలని నేను కోరుకున్నాను. ఇందులో దాపరికం ఏమీ లేదు. కోరుకుని ఊరుకోలేదు కూడా. దానికి ముహూర్తం నేనే కుదిర్చాను: ఆదివారం పొద్దున పదకొండు గంటలకి, కాకినాడలోని పెద్ద హాల్లో, ముప్ఫై లక్షల మంది ఫోన్లలో చూస్తుండగా.

జగన్నాయకపురం వంతెన దిగగానే నాకు రేడియోలు బాగుచేసే కొట్టుండేది. రేడియోలు పోయాక టీవీలు బాగుచేశాను. టీవీలు కూడా బాగుచేయించుకునే వస్తువులు కాకుండా పోయాక, నర్సింగ్ హోముల్లో మంచాల పక్కనుండే యంత్రాల మీద పడ్డాను. అలా ఒకసారి, రోగి ఊపిరిని గీతగా చూపించే యంత్రమొకటి బాగుచేసి, మళ్ళీ మొరాయిస్తుందేమోనని మూడు రోజులు దాని పక్కనే కాపలా కూర్చున్నాను.

మంచం మీదున్నది రిటైరైన హెడ్మాస్టరు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కళ్ళు కూడా తెరవడు. చూడటానికి జనం మాత్రం తెగ వచ్చేవారు. వచ్చినవాళ్ళ పేరు తలుపు దగ్గర నుంచే అక్కడి ఆయా గట్టిగా చెప్పేది. తమ్ముడొచ్చాడు, గీత కదల్లేదు. శిష్యుడైన ఎమ్మార్వో వచ్చాడు, కదల్లేదు. మూడోరోజు ఆయా "మాస్టారూ, టీ కొట్టు సత్తిబాబొచ్చాడండి" అంది. గీత కిందికి జారింది. నెత్తిమీద బరువు దించుకున్నవాడు వదిలినట్టు ఒక్క ఊపిరి, అంతే. యంత్రం చెడిందనుకుని విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. వచ్చినవాళ్ళందరి పేర్లూ ఆయా చేత మళ్ళీ వరసగా చెప్పించాను. ముప్ఫై పేర్లలో ఆ ఒక్క పేరుకే ఊపిరి వదులైంది.

ఆ సాయంత్రమే వైకుంఠానికి చెప్పాను. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా మేమిద్దరం ఒకే బెంచీ. మా నాన్న పోయాక నేను సోల్డరింగు కడ్డీ పట్టుకున్నాను. వాడు చదువుతూనే పోయి డాక్టరేటు దాకా వెళ్ళాడు. అయినా రోజూ సాయంత్రం నా కొట్టుకొచ్చి బల్లమీద కూర్చునేవాడు.

విన్నవాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒరే గవర్రాజూ, ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకేరా చెప్పడం."

"ఇంకెవరికీ చెప్పకు."

మనిద్దరి మధ్యనే ఉండాలంటున్నాడని నేననుకున్నాను.

అప్పటికి వాడు పనిచేసే పరిశోధన సంస్థకి 'సావాసం' అనే సైటువాళ్ళు ఒక చిక్కు తెచ్చిపెట్టారు. ఆ సైటులో స్నేహితుణ్ణి చేసుకోవడానికీ, ఊరికే వెంటబడి చూడటానికీ ఒకటే మీట. పదివేల మంది స్నేహితులున్నవాడు చచ్చి మూడు రోజులైనా తలుపు తట్టేవాడుండడు. అభిమానం వేరు, అవసరం వేరు, నేస్తం వేరు. వీటిని విడదీసేదెలాగని వాళ్ళ గోల. వైకుంఠం నా గీతని పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టాడు. ఊపిరి మారితే వేలి కొసన నాడి మారుతుంది. దాన్ని పట్టే ఉంగరం కావాలి. వెంట్రుకంత తీగని గోరంత చుట్టగా చుట్టి మొదటి ఉంగరం చేసింది నేను. భూతద్దం కింద పదకొండు రోజులు పట్టింది.

పని తేలికే. ఉంగరం పెట్టుకున్నవాళ్ళు సైటులో తమ జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే పైకి చదవాలి. పేరు పలికేటప్పుడు ఊపిరి వదులైతే ఆ మనిషి పచ్చ గడిలోకి వెళతాడు, అది స్నేహం. మారకపోయినా, బిగుసుకున్నా బూడిద గడిలోకి పోతాడు, అది ఊరికే వెంట నడవడం. బియ్యంలో నూకలు తీసినట్టుండేది. జనం దానికి జల్లెడ ఉంగరం అని పేరు పెట్టేశారు.

నాకు ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం ఇప్పించాడు వైకుంఠం. మెడలో వేసుకునే కార్డు మీద నా ఇంటిపేరు కూడా తప్పే.

ఓ రోజు పేపర్లో వాడి ఇంటర్వ్యూ చదివాను. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, "మా అమ్మ చివరి రోజుల్లో పక్కన కూర్చుని ఆమె ఊపిరి గమనిస్తుంటే తట్టింది" అన్నాడు. వాళ్ళమ్మ తునిలో కూతురింట్లో నిద్రలోనే పోయింది. ఆ వేళకి వీడు ఢిల్లీలో ఉన్నాడు. పాడెకి కర్రలు తెచ్చింది నేను.

పేపరు తీసుకెళ్ళి వాడి బల్ల మీద పడేశాను.

"ఏంట్రా ఇది?"

"ఎహె, వాళ్ళేదో రాసుకుంటారు. వదిలెయ్యి."

"సత్తిబాబు ఏడి? హెడ్మాస్టరు ఏడి? నేనేడి?"

వాడు లేచి గది తలుపు మూశాడు. "చూడు గవర్రాజూ. బయట దేశాల పత్రికలో వ్యాసం వెళుతోంది. పేరు పక్కన చదువు రాయాలి. నీకేం రాయను? ఎనిమిదో తరగతి, జగన్నాయకపురం అని రాయమంటావా? నవ్విపోతార్రా."

"మనం స్నేహితులం కదరా."

"కాబట్టే ఉద్యోగం ఇప్పించాను. నువ్వు నా వెంటుండు చాలు, నిన్ను నేను చూసుకుంటాను."

ఆ మాట నా లోపల మేకులా దిగింది. ఆ రోజు నుంచి నేను వాడి తప్పుకోసం కాపు కాయడం మొదలుపెట్టాను.

ఆట్టే రోజులు కాయాల్సిన పని లేకపోయింది. ఉంగరాన్ని ఊళ్ళో వాళ్ళ మీద పరీక్షిస్తున్నాం. ఓ పూట నాగరత్నమని సాంబమూర్తి నగర్ నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటాయి. అప్పచెల్లెళ్ళ పేర్లు చదివింది, పచ్చ. సినిమా హీరోల పేర్లు చదివింది, బూడిద. చివర్లో మొగుడి పేరు చదవమన్నారు. ఆవిడ పమిట భుజం మీదకి లాక్కుంది. ఎవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు చూసింది. నవ్వింది. గుండెనిండా గాలి పీల్చి, బిగబట్టి, గుటకవేసి, అప్పుడు అంది ఆ పేరు. మొగుడుగారు బూడిద గడిలో పడ్డారు.

నాకు అక్కడే తెలిసిపోయింది. ఆవిడకి మొగుడంటే ఇష్టం లేకపోవడం కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు నోటితో అనలేదు, అదీ సంగతి. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందని చెప్పి పెంచిన ఆడవాళ్ళు మా వైపు ఇంకా బోలెడు మంది. ఏమండీ అంటారు, ఇదిగో అంటారు, పిల్లల పేరు చెప్పి ఫలానా వాళ్ళ నాన్నగారూ అంటారు. అసలు పేరు అనమంటే ఊపిరి బిగుస్తుంది. ఆ బిగువు భయమో బెట్టో భక్తో ఉంగరానికేం తెలుసు?

వారం తిరిగేసరికి నలభై ఐదు దాటిన ఆడవాళ్ళలో ముప్పాతిక మంది మొగుళ్ళు బూడిదలో తేలారు. వైకుంఠం ఆ లెక్క చూసుకుని పొంగిపోయాడు.

"చూశావట్రా! మన సంసారాల అసలు రంగు బయటపడుతోంది. ఆడాళ్ళు మొగుడి వెనకాల నడుస్తారంతే. స్నేహం లేదు. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవడైనా రుజువు చేశాడా?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నిజమేరా" అన్నాను.

"అయినా మా ఇంట్లో అలా కాదులే" అన్నాడు. "సుభాషిణి, నేనూ స్నేహితుల్లా ఉంటాం."

సుభాషిణి వాడి భార్య. ముక్కామల పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరిగింది. నన్ను అన్నయ్యగారూ అంటుంది, మా ఆవిడ మంగతాయారుని వదినా అంటుంది. ఆవకాయ పెట్టినా, దోసకాయలు దొరికినా మా ఇంటికో వాటా పంపేది. ఆవిడ మొగుడి పేరెత్తగా నేనెప్పుడూ వినలేదు. మా ఆవిడ నోట నా పేరూ అంతే.

"అయితే ఆదివారం ఉంగరం విడుదల చేసే సభలో సుభాషిణినే కూర్చోబెట్టు" అన్నాను. "ఎవరెవరినో పెడితే ముందే మాట్లాడుకున్నారంటారు. నీ పెళ్ళాం నీ పేరు చెబితే, నువ్వు పచ్చగడిలోకి వెళితే, ఇంక తిరుగేముంటుంది?"

వాడు నా భుజం మీద చరిచాడు. "ఎనిమిదో తరగతైనా బుర్రుందిరా నీకు."

నా లెక్క సులువు. పేరు బూడిదలో పడగానే వాడికి రెండే దార్లు. ఉంగరం తప్పంటే ఉంగరం పోతుంది. ఉంగరం ఒప్పంటే పరువు పోతుంది. ఎటు పడినా దెబ్బే. మూడోది ఉంటుందని నాకు తట్టలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నేను తెర వెనక తీగల దగ్గర ఉన్నాను. సుభాషిణి గంధం రంగు పట్టుచీర కట్టుకుని కుర్చీలో ఒదిగి కూర్చుంది. చెల్లెలి పేరు చదివింది, పెద్ద తెరమీద పచ్చ వెలిగింది. చప్పట్లు. "మంగతాయారు" అంది, మళ్ళీ పచ్చ. ఎవరో నటుడి పేరు చదివింది, బూడిద, నవ్వులు. అప్పుడు వైకుంఠం మైకు పట్టుకుని వచ్చాడు.

"ఈ ఉంగరానికి మొహమాటం లేదు. ఇది చెప్పేదే నిజం. సుభా, ఇప్పుడు నా పేరు చెప్పు."

ఆవిడ వాడి మొహంలోకి చూసింది. "ఇక్కడా?" అంది. మైకులో వినపడింది. జనం మళ్ళీ నవ్వారు. ఆవిడ చెయ్యి పమిట మీదకి వెళ్ళింది. గుండెనిండా గాలి పీల్చి బిగబట్టింది.

"వై... వైకుంఠరావుగారు."

బూడిద.

తెర వెనక నా మొహం మీద నవ్వు వచ్చేసింది, ఆపుకోలేకపోయాను. వాడి మొహం పాలిపోయింది. ఇప్పుడు చెప్పరా, ఏదో ఒకటి చెప్పు, అనుకున్నాను.

చెప్పాడు. మైకు ఎత్తి, కాస్త గొంతు వణికించి మరీ చెప్పాడు. "మిత్రులారా, ఇది నాకు ఊహించని దెబ్బ. ఇరవై ఏడేళ్ళ కాపురం. కానీ యంత్రం అబద్ధం చెప్పదు. నా ఇంటి నిజమే ఇలా ఉంటే నేను దాచను. శాస్త్రం కోసం ఒప్పుకుంటున్నాను."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య సుభాషిణి ఒక్కతే కూర్చుని ఉంది, ఉంగరమున్న వేలిని రెండో చేత్తో పట్టుకుని.

పెళ్ళాన్ని కాళ్ళకింద వేసుకుని ఒక మెట్టు పైకెక్కాడు వెధవ. మర్నాడు పేపర్లన్నీ వాణ్ణే మోశాయి. సొంత గుండె కోసి చూపిన శాస్త్రవేత్తట. ఉంగరాలు వేడి పకోడీల్లా పోయాయి. వాటితోపాటు కాపురాలు కూడా. మొగుళ్ళు పెళ్ళాలని ఎదురుగా కూర్చోబెట్టి పేరు చెప్పమనేవారు. సామర్లకోటలో ఒకడు ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన భార్యని ఆవిడ తమ్ముడింటికి పంపేశాడు. మా వీధిలో రైల్వే గుమాస్తా అన్నం మానేశాడు. ఇవన్నీ వింటూనే ఉన్నాను. ఇంకా నోరు విప్పలేదు. వాడు ఎంత పైకెక్కితే అంత దూరం నుంచి పడతాడని ఓపిక పట్టాను.

మూడో వారం, ఓ పొద్దున పదింటికి సుభాషిణి మా ఇంటికొచ్చింది. చేతిలో చిన్న సంచీ, వేలికి ఇంకా ఆ ఉంగరం. మంగతాయారు వంటింట్లోంచి పరుగున వచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ తాగలేదు.

"ఆయన సంస్థవాళ్ళ గెస్ట్‌హౌస్‌కి వెళ్ళిపోయారు వదినా. మాట్లాడటానికి ఏముంది, అంతా తేలిపోయిందిగా అన్నారు. కిట్టూ బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. నాన్నంటే ఇష్టం లేకుండానే నన్ను కన్నావా అమ్మా అనడిగాడు."

"వాడి నోరు పడ!" అంది మంగతాయారు.

"అది కాదు వదినా నా బాధ." నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఒక్కటే అడుగుతాను. యంత్రం అబద్ధం చెప్పదన్నారు. మరి నాకు ఆయనంటే ప్రాణం అని నేననుకోవడమే అబద్ధమా? ఇరవై ఏడేళ్ళు నా మనసు నాకే తెలీకుండా బతికానా? వారం నుంచి కూర తరుగుతున్నా అదే. ఉప్పు వేశానో లేదో కూడా నమ్మకం కుదరట్లేదు. పిచ్చెక్కిపోతోందండి."

ఆ క్షణాన నేను చేసింది జాలితో చేశానని చెప్పుకోవచ్చు. కాదు. వాణ్ణి పడగొట్టే గడియ నడుచుకుంటూ నా గుమ్మంలోకి వచ్చిందనుకున్నాను. గదిలోంచి పరీక్షపెట్టె తెచ్చి, ఆవిడ ఉంగరానికి కలిపాను. పెట్టెమీద గీత పాకడం మొదలైంది.

"అమ్మా, ఇంట్లో వాణ్ణి ఏమని పిలుస్తావు?"

"పిలవడమేముంది... కిట్టూ నాన్నగారూ అంటాను."

"ఇప్పుడను."

"కిట్టూ నాన్నగారూ."

గీత కిందికి జారింది. హెడ్మాస్టరు మంచం దగ్గర కూడా అంత లోతుకి జారగా చూడలేదు. పచ్చ దీపం వెలిగింది.

ఆవిడ దాన్ని చూస్తూనే ఉండిపోయింది. "మరి ఆ రోజు?"

"ఆ రోజు నీ చేత పేరు అనిపించాడు. అలవాటు లేని మాట, అందరి ముందూ. ఊపిరి బిగబట్టావు. ఉంగరం దాన్ని వేరేగా చదివింది. తప్పు నీది కాదమ్మా, నీ మనసుదీ కాదు. ఉంగరానిది."

మంగతాయారు నుదురు కొట్టుకుంది. "అంతే కదూ మరి! మొగుడి పేరు నలుగురిలో అనమంటే ఎవరికి ఊపిరాడుతుంది? అంత చదివినాయనకి ఈ మాత్రం తెలీదా?"

"తెలీదు" అన్నాను ఉత్సాహంగా. "అదే కదా వాడి..."

"మరి మీకెప్పుడు తెలిసింది?" అంది మంగతాయారు.

నేను పెట్టె తీగలు సర్దుతూ కూర్చున్నాను.

"మిమ్మల్నే అడిగేది."

"ముందే తెలుసులే."

"ఆదివారానికి ముందా? తరవాతా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. సుభాషిణి నా మొహమే చూస్తోంది, ఆవిడ వేలికి ఉన్న ఉంగరం నాకేసి చూస్తున్నట్టే ఉంది. "ముందే" అన్నాను.

సుభాషిణి నెమ్మదిగా అంది, "నన్ను కూర్చోబెట్టమని సలహా ఇచ్చింది మీరేనని ఆయనన్నారు. మంచి మనసుతో చెప్పారనుకున్నాను."

"నాకు వాడు చేసిన ద్రోహం నీకు తెలీదమ్మా. ఆ ఉంగరం నాది. నా చేతుల్తో..."

"వాళ్ళిద్దరి మధ్య దెబ్బలాటకి నేనే దొరికానా వదినా?" అని మంగతాయారుని అడిగింది. నన్నడగలేదు. నాతో మాట్లాడటం అప్పటికే మానేసింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సంచీలోంచి ఫోను తీసింది. "వదినా, ఇది కాస్త పట్టుకో. నేనూ, ఆ పెట్టే కనపడాలి" అంది.

ఆ సభ తరవాత సావాసంలో ఆవిడ వెంట నాలుగు లక్షల మంది చేరారు, మొగుడంటే ఇష్టం లేని ఆడమనిషి ఎలా ఉంటుందో చూడ్డానికి. వాళ్ళందరి ముందూ తెరుచుకుంది ఆ ఫోను.

"నమస్కారమండి. నేను సుభాషిణిని. ముందు ఇది చూడండి. కిట్టూ నాన్నగారూ!" గీత జారింది, పచ్చ. "చూశారుగా. ఇప్పుడిది చూడండి. వైకుంఠరావు." గీత బిగుసుకుంది, బూడిద. "మనిషి ఒక్కడే. నాకు ఆయన పేరు పలికే అలవాటు లేదు, అంతే. నాలాంటి అక్కచెల్లెళ్ళెవరైనా ఇది చూస్తుంటే ఏడవకండి. మీరేం తప్పు చెయ్యలేదు. మీ ఇంట్లో ఆయన్ని కూర్చోబెట్టి ఇది చూపించండి."

అక్కడితో ఆపుతుందనుకున్నాను. ఆపలేదు.

"వైకుంఠరావు" అంది మళ్ళీ. పమిట మీదకి చెయ్యి వెళ్ళబోయి ఆగింది. "వైకుంఠరావు." ఈసారి ఇంకాస్త గట్టిగా. "వైకుంఠరావు. వైకుంఠరావు." గీత బిగువు సగానికి తగ్గింది. ఆవిడ గీతకేసే చూస్తూ, బస్సు మీద ఊరి పేరు చదివినట్టు చదువుతూ పోయింది. పదోసారో పదకొండోసారో, గీత బిగుసుకోవడమూ లేదు, జారడమూ లేదు. బల్ల మీద పరిచిన దారంలా తిన్నగా పోతోంది.

"కిట్టూ నాన్నగారూ" అంది చివరికి. గీత కదల్లేదు.

సుభాషిణి ఫోనులోకి చూసింది. "సభలో ఉంగరం అబద్ధం చెప్పింది. ఇప్పుడు నిజం చెబుతోంది. ఆయనకి ఇదే కావాలిగా, తీసుకోమనండి." తరవాత నా వైపు వేలు చూపించింది. మంగతాయారు ఫోను నా మొహానికేసి తిప్పింది. నా పెళ్ళామే తిప్పింది.

"ఈయన గవర్రాజుగారు. ఉంగరం పుట్టింది ఈయన బుర్రలో. మా ఇంటాయన దాన్ని దొంగిలించారు. అది తప్పు చెబుతుందని మొదట్నుంచీ తెలిసి కూడా నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టించింది ఈయన. మీ కాపురాలు కూలుతుంటే చూస్తూ కూర్చుంది కూడా ఈయనే. వీళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారట."

ఉంగరం తీసి పరీక్షపెట్టె మీద పెట్టి లేచింది.

పన్నెండున్నరకి సావాసంవాళ్ళు ఉంగరాన్ని వెనక్కి తీసుకున్నామని ప్రకటించారు. ఒంటిగంటకి సంస్థ గేటు ముందు ఆడవాళ్ళు పోగయ్యారని టీవీలో చూపించారు. వైకుంఠం వెనక గేటు నుంచి జీపెక్కుతూ మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు పదిహేడు సార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. పదిహేడూ లెక్కపెట్టుకున్నాను, ఒక్కోదానికీ కడుపు చల్లబడింది. ఇంకా ఎవరెవరో చేశారు, తిట్టడానికి. ఆ లెక్క పెట్టలేదు.

మంగతాయారు సుభాషిణిని ఆటో ఎక్కించడానికి సందు చివరిదాకా వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చింది. నావైపు చూడకుండా వంటింట్లోకి పోయింది. కంచం పెట్టిన చప్పుడు, గరిటె చప్పుడు వినిపించాయి. ఇంక తిట్లు మొదలవుతాయని కాచుకుని కూర్చున్నాను. తిడితే నా దగ్గర జవాబులున్నాయి. ఆ ఇంటర్వ్యూ ముక్క ఇప్పటికీ జేబులోనే ఉంది, తీసి చూపిద్దామనుకున్నాను.

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పమిట సర్దుకోలేదు. గుటక వెయ్యలేదు. కరెంటు మీటరు చూసే మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"గవర్రాజుగారూ, అన్నం వడ్డించాను. వచ్చి తినండి."